వీపీఎన్ పెట్టుకుంటే ఎవరూ చూడరా?

పోయిన సంచికలో ఈ శీర్షిక చివర ఒక ప్రశ్న వేసి వదిలాం. మీ ఇంట్లో ఎవరి సెల్లులోనైనా వీపీఎన్ అనే యాప్ ఉందా, ఉంటే దేనికి పెట్టుకున్నారు, ఎట్లా పనిచేస్తోంది? జవాబులు బాగానే వచ్చాయి. కాగితం మీద రాసి పంపినవాళ్ళు తక్కువ, వాట్సాప్‌లో మాట పంపినవాళ్ళు ఎక్కువ, షిఫ్టు విడిచే వేళకు గేటు దగ్గర ఆపి చెప్పినవాళ్ళు అందరికంటే ఎక్కువ. దాదాపు అందరూ "పేరు మాత్రం వేయొద్దు" అన్నారు. దాపరికం గురించి రాసే వ్యాసంలో పేర్లు వేస్తే బాగుండదు కూడా. అందుకని వేయడం లేదు.

ముందు వాళ్ళ మాటలే వినండి.

రింగు ఫ్రేము మీద రాత్రి షిఫ్టు చేసే ఒక తమ్ముడు చెప్పింది: "టిక్‌టాక్ ఆపేసినప్పుడు పెట్టినానన్నా. దాంతో కూడా టిక్‌టాక్ రాలేదు. మళ్ళీ తీయలేదు, అట్లే ఉండాది." టిక్‌టాక్‌ను మరో 58 యాప్‌లతో కలిపి కేంద్రం ఆపింది 2020 జూన్ 29న. అంటే అప్పటినుంచి ఇప్పటిదాకా ఎవరిదో తెలియని ఒక యాప్ ఆ తమ్ముడి ఫోన్లో ఊరికే కూర్చుని ఉంది. ఊరికే కూర్చుందో, పని చేసుకుంటోందో తర్వాత చూద్దాం.

వైండింగ్‌లో ఉండే ఒక అక్క: "మా వాడు సినిమాలు చూసేదానికి పెట్టుకున్నాడు. ఫోను తెరిస్తే చాలు, అడ్వటైజ్‌మెంటే. బ్యాటరీ మధ్యాన్నానికే అయిపోతాది. వాడినడిగితే ఫ్రీగా వచ్చిందిలే అమ్మా అంటాడు."

ఇంకొకాయన పేరే కాదు, ఏ సెక్షన్ అన్నది కూడా రాయొద్దన్నాడు. రమ్మీ కోసం పెట్టుకున్నాడట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతటా ఆపింది. అంతకు ముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఇప్పుడు ఆయన ఆడేది ఏదో పైదేశపు సైటు. వీపీఎన్ వేసుకుని అక్కడ డబ్బు పోగొట్టుకుంటే ఏమని ఫిర్యాదు చేస్తారు, ఎవరికి చేస్తారు? ఆయనతో నేను ఇంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. ఇంట్లోవాళ్ళు మాట్లాడాలి.

నర్సింగు చదివే మన కాలనీ అమ్మాయి ఒకతె హాస్టల్ వైఫైలో ప్రోటాన్ అనే కంపెనీ వీపీఎన్ వాడుతుంది, అదీ డబ్బు కట్టని రకం. "నెమ్మదిగానే ఉంటుంది. అడ్వటైజ్‌మెంటు మాత్రం ఒక్కటీ రాదు. ఏ దేశం కావాలో మనం ఎంచుకోలేం, అదే ఇస్తుంది" అని రాసింది. వచ్చిన జవాబుల్లో ఏ యాప్ వాడుతున్నదీ పేరుతో సహా చెప్పింది ఆ అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్ళకు యాప్ పేరే తెలియదు. "తాళంచెవి బొమ్మ ఉంటుందే, అది" అన్నారు.

దుబాయిలో భర్త ఉన్న ఒక చెల్లెలు చెప్పిన సంగతి వేరే. దాన్ని చివర్లో విడిగా రాస్తాను, అది తొందరగా తేల్చేసే సంగతి కాదు.

రిటైరైన ఒక పెద్దాయన మాత్రం కోపంగానే అన్నారు: "తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకయ్యా?" అయ్యా, మీ జీతం చీటీ నలుగురికీ చూపించి జేబులో పెట్టుకుంటారా? కూతురి పెళ్ళి మాటలు నలుగురిలో మాట్లాడతారా? అది తప్పు చేయడం కాదు గదా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పారు, దాపరికం అన్నది పౌరుడి ప్రాథమిక హక్కేనని. ఆ కేసు వేసింది కూడా మీలాంటి పెద్దాయనే, కర్ణాటక హైకోర్టులో జడ్జీగా చేసి రిటైరైన పుట్టస్వామిగారు.

సరే, ఈ వీపీఎన్ చేసే పని ఏమిటి? మన పూండివాళ్ళకు ఇది చెప్పడం తేలిక. కండలేరు నుంచి కృష్ణ నీళ్ళు మన చెరువుకు ఎట్లా వస్తున్నాయి? ఆంధ్రలో 152 కిలోమీటర్లు కాలువలో నడిచి, ఊత్తుకోట దగ్గర జీరో పాయింటులో సరిహద్దు దాటి, మరో 25 కిలోమీటర్లు వస్తే పూండి. దారి పొడవునా తెరిచిన కాలువ. గట్టున నిలబడినవాడికి నీళ్ళు ఎంత పోతున్నాయో, ఏ రంగులో పోతున్నాయో అన్నీ కనబడతాయి. మోటారు వేసి తోడుకునేవాడూ ఉంటాడు. మీ ఫోన్లోంచి పోయే నెట్టు కూడా మీ సిమ్ కంపెనీ కాలువలోనే పోతుంది. హాస్టల్ వైఫై అయితే హాస్టల్‌వాళ్ళ కాలువలో, మిల్లు వైఫై అయితే మిల్లువాళ్ళ కాలువలో. ఆ కాలువ లోపల ఒక పైపు వేసినారనుకోండి. గట్టు మీదివాడికి పైపు కనబడుతుంది, అందులో ఏం పోతోందో కనబడదు. వీపీఎన్ అంటే ఆ పైపు.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. చెప్పనిది ఒకటుంది. ఆ పైపు రెండో కొస ఎవరి పెరట్లో తేలుతుంది? వీపీఎన్ కంపెనీ పెరట్లో. ఇంతవరకు మీరు ఏ సైటుకు పోతున్నారో సిమ్ కంపెనీకి తెలిసేది. ఇప్పుడు ఆ సంగతి వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. చూసేవాడు లేకుండా పోలేదు, మారినాడు, అంతే. సిమ్ కంపెనీ ఎవరిదో, ఆఫీసు ఎక్కడో మనకు తెలుసు. ఫ్రీగా వచ్చిన ఆ తాళంచెవి బొమ్మ ఎవరిది?

ఇంకో మాట కూడా చెప్పాలి. బ్యాంకు సైట్లు, యూపీఐ యాప్‌లు, వాట్సాప్ మెసేజీలు ఇవన్నీ ఎప్పటినుంచో సొంత తాళం వేసుకునే పోతున్నాయి. మీరు బ్యాంకుకు పోయినట్టు సిమ్ కంపెనీకి తెలుస్తుంది గానీ, పాస్‌వర్డు ఏం కొట్టినారో తెలియదు. "వీపీఎన్ లేకపోతే మీ బ్యాంకు డబ్బు దొంగలపాలు" అని యూట్యూబులో వచ్చే అడ్వటైజ్‌మెంట్లలో సగం భయపెట్టి అమ్ముకోవడమే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వాడినవాళ్ళ మాట విని ఒక వీపీఎన్ మంచిదో కాదో చెప్పవచ్చా?

మిల్లులో పనిచేసినవాళ్ళకు కోన్ మీద అంటించిన చీటీ సంగతి తెలుసు. చీటీ మీద నలభై కౌంట్ అని ఉంటుంది. నూలు చేత్తో పట్టుకుంటే నున్నగా ఉందా, తెగుతోందా అన్నది తెలుస్తుంది. నిజంగా నలభైయేనా అంటే మాత్రం ల్యాబులో 120 గజాల లీ చుట్టి తూకం వేయాల్సిందే. ఎంత అనుభవం ఉన్నవాడైనా తక్కెడ చెప్పిందే మాట. వీపీఎన్ కూడా అట్లాంటిదే. స్పీడుగా ఉందా, మధ్యలో తెగిపోతోందా, అడ్వటైజ్‌మెంట్లు వస్తున్నాయా అనేవి వాడినవాడికి తెలుస్తాయి. మనం చూసిన సైట్ల లెక్క ఆ కంపెనీ రాసి పెట్టుకుంటోందా, ఎవరికన్నా అమ్ముతోందా అన్నది పదేళ్ళు వాడినా తెలియదు. ప్లే స్టోరులో ఉండే చుక్కలన్నీ మొదటి రకం సంగతికే. మనం వీపీఎన్ పెట్టుకునేది రెండో రకం సంగతికి.

ఇది నా ఊహ కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్ళు ఇంకొందరితో కలిసి 2016లో ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడే 283 వీపీఎన్ యాప్‌లను విప్పి చూశారు. దాపరికం కాపాడతామని చెప్పుకున్న వాటిలోనే నూటికి 75 యాప్‌లలో వాడేవాళ్ళ వెంట పడి లెక్క రాసుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. నూటికి 38 యాప్‌లలో వైరస్ లక్షణాలు కనబడ్డాయి. నూటికి 18 అయితే అసలు తాళమే వేయడం లేదు! పైపు వేశామని డబ్బా కొట్టి, తెరిచిన కాలువలోనే వదిలేశారన్నమాట. ఆ యాప్‌ల కింద జనం రాసిన చెడ్డ రివ్యూలు కూడా చదివారు. దాపరికం పోతోందని రాసినవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. తిట్టినవాళ్ళు కూడా వేరే సంగతులకే తిట్టారు.

ఫేస్‌బుక్ కంపెనీ 2013లో ఒనావో అనే కంపెనీని కొన్నది. ఫోనుకు కాపలా అని చెప్పి ఉచితంగా ఇచ్చిన వీపీఎన్ అది. జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారు, పోటీగా ఏ యాప్ పెరుగుతోంది అనే సంగతి ఫేస్‌బుక్‌కు దాని దారిన చేరేది. 2018లో ఆపిల్ తన స్టోరు నుంచి తీయించింది, మరుసటేడు ఫేస్‌బుక్కే మూసేసింది. లక్షల మంది వాడారు, వాళ్ళకు ఏ ఇబ్బందీ తెలియలేదు. తెలిసే వీలే లేదు గదా.

2020లో యూఎఫ్‌ఓ వీపీఎన్, దానితో పాటు హాంకాంగ్ అడ్రసు మీద నడిచే మరికొన్ని ఉచిత వీపీఎన్‌ల సంగతి బయటపడింది. "మేం ఏ లెక్కా రాసుకోం" అని వాళ్ళ యాప్ మీదే రాసుకున్నారు. తీరా చూస్తే వాడేవాళ్ళ లెక్కంతా, కొందరి పాస్‌వర్డులతో సహా, తాళం లేని కంప్యూటర్లో పడి ఉంది.

వీటికంటే నన్ను భయపెట్టింది 2024 మే నెలలో బయటికొచ్చిన సంగతి. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్, షీల్డ్ వీపీఎన్ లాంటి పేర్లతో కంప్యూటర్లలో వేసుకునే ఉచిత వీపీఎన్‌లు కొన్ని ఉండేవి. అవి వేసుకున్నవాళ్ళ నెట్టు అడ్రసును ఆ ముఠా దొంగలకు అద్దెకిచ్చింది. దొంగ ఎక్కడో కూర్చుని మోసం చేస్తాడు, చేసినట్టు కనబడేది మీ ఇంటి అడ్రసు. అమెరికా పోలీసులు మరికొన్ని దేశాలవాళ్ళతో కలిసి దాన్ని పట్టుకున్నారు. అట్లా వాడుకున్న అడ్రసులు కోటీ తొంభై లక్షలని లెక్క తేల్చారు. రేపు అట్లాంటి కేసులో పోలీసు మన కాలనీకి వస్తే, ఫ్రీగా వచ్చింది సార్ అంటే వింటాడా? వైండింగు అక్క కొడుకు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

అయితే అన్నీ దొంగవేనా? కాదు. విదేశంలో కంప్యూటర్లు పెట్టి, కరెంటు బిల్లు కట్టి, పైసా తీసుకోకుండా మనకు పైపు వేసేవాడికి డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ముందు అది అడగాలి. ఆ అమ్మాయి వాడే ప్రోటాన్ విషయంలో దీనికి జవాబు ఉంది: నెలనెలా కట్టేవాళ్ళు కడుతున్నారు, ఆ డబ్బుతో కట్టనివాళ్ళకూ నడుస్తోంది. అందుకే కట్టనివాళ్ళకు స్పీడు తక్కువ, ఒక్క ఫోనుకే ఇస్తారు. స్విట్జర్లాండులోని జెనీవాలో సెర్న్ అనే సైన్సు కేంద్రంలో కలిసిన కొందరు 2014లో మెయిల్ సర్వీసుతో మొదలుపెట్టారు, 2017లో వీపీఎన్ తెచ్చారు. 2020 నుంచి యాప్ లోపలి రాతంతా ఎవరైనా చదువుకునేలా బయట పెట్టారు. బయటివాళ్ళను పిలిచి తనిఖీ చేయించి, ఆ రిపోర్టు కూడా అచ్చు వేస్తున్నారు. అదే మన ల్యాబులో లీ తూకం.

అట్లాగని వాళ్ళను దేవుళ్ళను చేయనక్కర్లేదు. 2021లో స్విట్జర్లాండు అధికారులు ఆర్డరు ఇస్తే, ఇదే కంపెనీ తన మెయిల్ వాడే ఒక ఫ్రెంచి ఉద్యమకారుడి నెట్టు అడ్రసు రాసి ఇవ్వాల్సి వచ్చింది. మెయిల్‌కు ఒక చట్టం, వీపీఎన్‌కు వేరే చట్టం అని కంపెనీ చెప్పింది. ఆ మాట నిజమే. కానీ కంపెనీ ఏ దేశంలో ఉందో ఆ దేశపు కోర్టు మాట వినక తప్పదు, ఎంత మంచి కంపెనీ అయినా సరే.

స్వీడన్‌లో ముల్వాడ్ అని ఇంకొకటుంది. మీ పేరు అడగరు, ఫోన్ నెంబరు అడగరు, మెయిలూ అడగరు. ఒక అంకెల వరస ఇస్తారు, అదే మీ ఖాతా. కవరులో నోట్లు పెట్టి పోస్టులో పంపినా తీసుకుంటారు. నెలకు ఐదు యూరోలు, మన లెక్కలో సుమారు ఐదొందలు. 2023 ఏప్రిల్ 18న స్వీడన్ పోలీసులు వారెంటు పట్టుకుని గోథెన్‌బర్గ్‌లోని వాళ్ళ ఆఫీసుకు వచ్చారు. వాడేవాళ్ళ లెక్క కావాలన్నారు. మా దగ్గర అట్లాంటి లెక్కే లేదని వీళ్ళు చూపించారు. పోలీసులు ఖాళీ చేతులతో పోయారు. ప్లే స్టోరులో వెయ్యిమంది ఇచ్చే చుక్కలకంటే ఆ ఒక్క రోజు సంగతి నాకు ఎక్కువ. అయితే మన కుటుంబాల్లో ఎంతమందికి నెలకు ఐదొందలు కట్టాల్సినంత అవసరం ఉంది? పత్రికల్లో రాసేవాళ్ళకు, ఏదన్నా అన్యాయం బయటపెట్టేవాళ్ళకు ఉంటుంది. పాటలు, వార్తలు, పిల్లల క్లాసులు చూసుకునే ఇంటికి ఆ ఐదొందలు నూనె డబ్బాకే మేలని నా అభిప్రాయం.

వీపీఎన్ వాడటం మన దేశంలో నేరమా అని ఇద్దరు అడిగారు. వాడినంత మాత్రాన నేరం కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని చేసే తప్పు తప్పే. కాశ్మీరు వైపు కొన్ని జిల్లాల్లో అప్పుడప్పుడూ కలెక్టర్లు కొన్నాళ్ళపాటు నిషేధిస్తారు, ఆ సంగతి వేరు. మనకు తెలియాల్సింది 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ ఇచ్చిన ఆర్డరు. వీపీఎన్ నడిపేవాళ్ళు వాడేవాళ్ళ పేరు, అడ్రసు, ఫోను, మెయిలు, ఎందుకు వాడుతున్నారన్న సంగతి అన్నీ తీసుకుని ఐదేళ్ళు దాచాలి, వాడకం మానేసిన తర్వాత కూడా. సైబర్ దొంగల్ని పట్టేదానికి ఇది కావాలని ప్రభుత్వం అంది. లెక్కే రాసుకోమని చెప్పుకునే కంపెనీలు దీనికి ఎట్లా ఒప్పుకుంటాయి? ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ ఒకదాని వెంట ఒకటి మన దేశంలో పెట్టిన కంప్యూటర్లు తీసేసుకుని పోయాయి. యాప్‌లు మాత్రం బయటి దేశం కంప్యూటర్లతో నడుస్తున్నాయి. ఈ ఆర్డరులో నాకు నచ్చనిది ఒకటే. ఐదేళ్ళ లెక్క ఒకచోట పోగుపెడితే, దాన్ని ఎవడో ఎత్తుకుపోడని ఎవరు చెప్పగలరు?

మన ఇళ్ళల్లో నిజంగా జరుగుతున్న మోసాలకు వీపీఎన్ అడ్డం పడుతుందా అంటే, పడదు. ఓటీపీ అడిగి డబ్బు లాగేవాడికి మీ ఫోను ఏ పైపులో పోతే ఏం, చెప్పేది మీ నోరే కదా. అప్పు యాప్‌లు కూడా అంతే. 2020 చివర్లో తెలంగాణలో అప్పు యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డారు. ఆ యాప్‌లు ఫోన్లోని నెంబర్లన్నీ ఎట్లా తీసుకున్నాయి? మనం "అనుమతించు" అని నొక్కితేనే తీసుకున్నాయి. దానికి వీపీఎన్ ఏం చేస్తుంది? డబ్బు పోతే వెంటనే, గంట కూడా ఆగకుండా, 1930కి ఫోను చేయండి.

ఆ రింగు ఫ్రేము తమ్ముడికి: ఫోను సెట్టింగ్సులోకి పోయి పైన వెతికే చోట వీపీఎన్ అని కొట్టు. ఉన్నవన్నీ కనబడతాయి. ముందు ఆపు, మరిచిపో అన్నది నొక్కు, తర్వాత యాప్ తీసేయి. కొందరికి వీపీఎన్ వేసి ఉంటే బ్యాంకు యాప్ తెరుచుకోదు. పైదేశం నుంచి ఎవరో వస్తున్నారని బ్యాంకు అనుకుంటుంది. ఆపితే తెరుచుకుంటుంది.

ఇక దుబాయి చెల్లెలి సంగతి. "అక్కడ వాట్సాప్‌లో మెసేజీ పోతాదిగానీ కాల్ పోదన్నా. వీపీఎన్ వేస్తేనే ఆయన పాప మొగం చూస్తాడు. రూములో అందరూ వేస్తారంట" అంది. నిజమే, ఆ దేశంలో వాట్సాప్ కాల్‌కు అనుమతి లేదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి, మన వైపు నుంచి పోయినవాళ్ళు ఎందరో ఇట్లాగే మాట్లాడుకుంటున్నారు. కానీ అక్కడి చట్టం మనది కాదు. 2021లో చేసిన 34వ నెంబరు చట్టంలో రాసి ఉంది: నెట్టు అడ్రసు మార్చి నేరం చేసినా, నేరాన్ని దాచినా జైలు, లేదంటే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా, రెండూ కూడా వేయొచ్చు. 5 లక్షల దిర్హాములంటే మన డబ్బులో కోటి దాటుతుంది. బిడ్డతో మాట్లాడినవాడికి అంత జరిమానా వేస్తారా అంటే, వేస్తారని నేను అనడం లేదు. కానీ అది తేల్చేది అక్కడి కోర్టు, నేనూ కాదు, రూములో ఉన్నవాళ్ళూ కాదు. పైగా ఆ రూములో అందరూ వేసుకున్నది ఉచితంగా వచ్చిన ఏదో యాపే అయి ఉంటుంది. దాని సంగతి పైన రాశాను.

బోటిమ్ అనే యాప్‌కు అక్కడ అనుమతి ఉంది, ఇక్కడ కూడా వేసుకోవచ్చు అని చెప్పాను. వేసుకుంది. "బొమ్మ ఆగి ఆగి వస్తాదన్నా" అని మళ్ళీ ఫోను చేసింది. ఇప్పుడు శుక్రవారం ఆయనకు సెలవు గనుక ఆ రోజు బోటిమ్‌లో మాట్లాడుకుంటున్నారు. మిగతా రోజుల్లో పాప మాటల్ని వాట్సాప్ వాయిస్ మెసేజీగా, చిన్న చిన్న వీడియోలుగా పంపుతోంది. వాటికి అక్కడ అడ్డం లేదు. ఆయన రాత్రి డ్యూటీ దిగి వచ్చి వింటాడట.